ఉరికినోని పేరు మీద

షీల్డు మీద మూడు వరుసలు చెక్కిస్తారు. పై వరుసలో ఎవరి జ్ఞాపకార్థమో వాళ్ళ పేరు. మధ్యలో పోటీ పేరు, ఊరు, సంవత్సరం. అడుగున దాత పేరు, హోదాతో సహా. గెలిచిన పిల్లవాడి పేరుకు వరుస ఉండదు. షీల్డు ముందే చేయించాలి, గెలుపు ఆ తరువాత తేలుతుంది కదా. ఉట్నూరు చుట్టుపక్కల గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలమంతా ఇలాంటి షీల్డులు ఆదిలాబాద్ నుంచి మోసుకొచ్చాను. గుడిహత్నూరు దగ్గర మలుపు తిరిగి, ఇంద్రవెల్లి మీదుగా, బస్సులో ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని. సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు రాసే పని కూడా నాదే. చేతిరాత బాగుంటుందన్న పేరొకటి వచ్చి, అది రిటైరయ్యేదాకా నన్ను వదల్లేదు.

ఆ పై వరుసలో వచ్చే పేర్లు చదివితే మా ప్రాంతం సంగతి సగం తెలిసిపోతుంది. చనిపోయిన తండ్రి జ్ఞాపకార్థం కొడుకులు పెట్టే కబడ్డీ పోటీలు. బండి యాక్సిడెంట్‌లో పోయిన సోపతిగాని పేరు మీద యువజన సంఘం పెట్టే క్రికెట్ టోర్నమెంటు. నాయకుల పుట్టినరోజుల కప్పులు, అవి ఎన్నికల ముందు ఎక్కువ, తరువాత తక్కువ. అన్నిటికీ మించి కొమురం భీం. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు బలైన గోండు నాయకుడు. ఉట్నూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసులున్న ఆవరణకు కేబీ కాంప్లెక్స్ అనే పేరు. 2016లో పక్కన కొత్త జిల్లా పుడితే దానికీ ఆయన పేరే. నీటి ప్రాజెక్టుకూ ఆయన పేరే. ఆ గౌరవం ఆయనకు చెల్లుతుంది, అందులో మాటే లేదు. కానీ కబడ్డీకీ, కాలువకీ, జిల్లాకీ ఒకే పేరు పెట్టుకుంటూ పోతే ఆ పేరు ఎవరి చెవికీ ఎక్కకుండా పోతుందేమోనని నాకొక అనుమానం.

ఈ మధ్య మా పాత విద్యార్థులు కొందరు ఏటా ఒక పరుగు పందెం పెడదామని కూడారు. వాళ్ళలో ఒకడు నాలాగే పీఈటీ అయ్యాడు. వాడు అడిగాడు: “సార్, అందరి పేర్ల మీద కప్పులు పెట్టిన్రు. ఉరికినోని పేరు మీద ఎవలన్న పెట్టిన్రా?”

నా చేతుల మీదుగా పోయిన షీల్డుల్లో అలాంటిది ఒక్కటీ గుర్తుకు రాలేదు. దేశం మొత్తం మీద పెద్ద బహుమతులనే తీసుకోండి. అర్జున అవార్డు 1961లో మొదలైంది. ఆ ముందటి ఏడాదే రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో మిల్కా సింగ్ నాలుగో స్థానంలో నిలిచి దేశమంతటినీ ఏడిపించాడు. పేరు మాత్రం పురాణంలోని విలుకాడిది పెట్టారు. నలభై ఏళ్ళు గడిచాక, 2001లో, అదే అర్జున అవార్డు ఇస్తామంటే మిల్కా వద్దన్నాడు. 1985లో కోచ్‌ల కోసం ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆటగాడి పేరు మీద పెద్ద గౌరవమంటే హాకీ ధ్యాన్‌చంద్‌దే. 2021లో ఖేల్‌రత్నకు కూడా ఆయన పేరే పెట్టారు. 

ఆదివాసీ పిల్లల కోసం కేంద్రం పెట్టిన గురుకులాలకు ఏకలవ్యుడి పేరు. ఈ వరుసంతా విని మా పీఈటీ పిల్లవాడు ఒక మాటన్నాడు. “అంటే సార్, బొటనవేలు తీసుకున్నాయన పేరు గురువులకిచ్చే బహుమతికి, వేలు ఇచ్చినోని పేరు మా బడికి.” నేను నవ్వాను గానీ వాడు నవ్వలేదు.

పరుగు వీరుల పేరిట బహుమతులు బయటి దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో ఏటా మేటి అథ్లెట్‌కు ఇచ్చే బహుమతికి 1981 నుంచి జెస్సీ ఓవెన్స్ పేరుంది. కెనడాలో నల్లజాతి వాళ్ళ విజయాలకు ఇచ్చే బహుమతులు 1983 నుంచి హ్యారీ జెరోమ్ పేరిట నడుస్తున్నాయి. 1964 టోక్యోలో 100 మీటర్ల కాంస్యం గెలిచినవాడాయన. అయితే మా వాళ్ళకు నేను చెప్పింది వీళ్ళిద్దరి కథా కాదు. అదే కెనడాలో ఆదివాసీ ఆటగాళ్ళకు మాత్రమే ఇచ్చే ఒక బహుమతి ఉంది. అది ఒక ఆదివాసీ పరుగు వీరుడి పేరు మీద ఉంది. ఆ మనిషి మొదట ఉరికింది ఎక్కడి నుంచో తెలిస్తే ఉట్నూరులో ఎవరైనా ఆగి వింటారు. ఆశ్రమ పాఠశాల నుంచి.

అతని పేరు టామ్ లాంగ్‌బోట్. 1886లో ఒంటారియోలోని సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతంలో, ఒనొండాగా తెగలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బతుకంతా పొలం పని. పన్నెండేళ్ళ వయసులో బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే చర్చి బడిలో వేశారు. అక్కడే తిండి, అక్కడే పడక. సొంత భాష మాట్లాడకూడదు, సొంత దేవుణ్ణి మొక్కకూడదు. పిల్లవాడు పారిపోయాడు. పట్టుకొచ్చి శిక్షించారు. మళ్ళీ పారిపోయాడు. ఈసారి దొరకలేదు. పేరొచ్చాక అదే బడివాళ్ళు వచ్చి మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే పోనన్నాడు.

1906లో హామిల్టన్ ఊళ్ళో సరస్సు ఖాతం చుట్టూ జరిగే పందెంలో దిగాడు. 1894 నుంచి నడుస్తున్న పందెం అది, బోస్టన్ మారథాన్ కన్నా పాతది. దూరం 19 మైళ్ళు, అంటే 30 కిలోమీటర్ల పైచిలుకు. ఎవరికీ తెలియని కుర్రవాడు మిగతావాళ్ళను నిమిషాల కొద్దీ వెనకేసి గెలిచాడు. 1907 ఏప్రిల్ 19న బోస్టన్. ఆ రోజు చలి, మంచు, దారంతా బురద. ఫ్రేమింగ్‌హామ్ దగ్గర రైలు పట్టాలు దాటాలి. ముందున్న గుంపు దాటగానే గూడ్సు బండి అడ్డం వచ్చింది. వెనకున్నవాళ్ళంతా అది కదిలేదాకా నిలబడి చూడవలసి వచ్చింది. లాంగ్‌బోట్ ముందున్న గుంపులో ఉన్నాడు. అప్పటి దూరం సుమారు 39 కిలోమీటర్లు. 2 గంటల 24 నిమిషాల 24 సెకన్లలో ముగించాడు. అంతకు ముందున్న రికార్డు కన్నా దాదాపు 5 నిమిషాలు తక్కువ. గూడ్సు బండి వల్ల గెలిచాడని కొందరు గొణిగారట. రైలు ఆపింది నిమిషం పైచిలుకు. అదీ వెనకవాళ్ళనే. రికార్డులో తగ్గిన ఆ ఐదు నిమిషాలు ఎవరి ఖాతాలో వేస్తారు?

1908 లండన్ ఒలింపిక్స్‌లో మాత్రం దెబ్బతిన్నాడు. ఎండ బాగా ఉన్న రోజు. 30 కిలోమీటర్లు దాటాక కుప్పకూలాడు. ఆ రోజుల్లో పరుగు మధ్యలో ఉత్తేజం కోసం ఏవేవో మందులు ఇచ్చేవాళ్ళు. అది ఎక్కువైందని అప్పుడే అనుమానాలు రేగాయి. ఆ మారథాన్‌లోనే ఇటలీ వాడు డొరాండో పియెట్రి గీత దగ్గర పడిపోతే, చేయి పట్టి దాటించినందుకు గెలుపు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డబ్బు పందెంలో పియెట్రిని లాంగ్‌బోట్ ఓడించాడు. 1909 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ వాడు ఆల్‌ఫ్రెడ్ ష్రబ్‌ను కూడా. ఇక లోకంలో డబ్బు పందేల పరుగుకు అతనే రాజు.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. లాంగ్‌బోట్ రోజూ ఉరికేవాడు కాదు. ఒక రోజు గట్టిగా ఉరికి, మరుసటి రోజు మైళ్ళ కొద్దీ నడిచేవాడు, ఇంకో రోజు ఊరుకునేవాడు. పత్రికలవాళ్ళకు అది సోమరితనంగా కనిపించింది. టొరంటో స్టార్ పత్రికలో క్రీడల వార్తలు రాసే లూ మార్ష్ అయితే అతని జాతిని పట్టుకుని రాయకూడని రాతలు రాశాడు. మాట వినడం లేదని మేనేజర్ అతని కాంట్రాక్టును ఇంకొకడికి అమ్ముకున్నాడు. ఇవాళ ఏ కోచ్‌ని అడిగినా చెప్తాడు, కష్టమైన రోజు తరువాత తేలిక రోజు ఉండి తీరాలని. సోమవారం లాంగ్ రన్ చేయించి మంగళవారం పిల్లల్ని వాలీబాల్ ఆడుకోమంటే, మా హెడ్మాస్టర్లలో కొందరు నా వైపు చూసిన చూపు కూడా అలాంటిదే.

మొదటి ప్రపంచయుద్ధంలో లాంగ్‌బోట్ సైన్యంలో చేరాడు. ఫ్రాన్స్‌లో కందకాల మధ్య ఉత్తరువులు మోసే పరుగు పని. చనిపోయాడని పొరపాటున ఇంటికి కబురు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి భార్య మరో పెళ్ళి చేసుకుంది. తానూ మళ్ళీ పెళ్ళి చేసుకుని, టొరంటో మునిసిపాలిటీలో వీధులు శుభ్రం చేసే పనిలో చేరి ఏళ్ళ తరబడి చేశాడు. ఎంత దిగజారాడో చూడమని రాసిన పత్రికలు ఉన్నాయి. నాకైతే అందులో దిగజారుడేమీ కనిపించలేదు. ఆ కరువు కాలంలో నెలకింత జీతం వచ్చే పని, పిల్లల్ని పెంచుకున్నాడు. 1949 జనవరి 9న సొంత గడ్డ మీదే న్యుమోనియాతో పోయాడు.

ఇంకొక సంగతి. బోస్టన్ గెలిచి వచ్చినప్పుడు టొరంటో నగరం అతన్ని ఊరేగించి, చదువు కోసం 500 డాలర్లు ఇస్తామని తీర్మానం చేసింది. ఇవ్వలేదు. 1980లో, అతను పోయిన ముప్పై ఏళ్ళకు, వారసులకు 10,000 డాలర్లు చెల్లించింది. ఇది చెప్పినప్పుడు మా పిల్లలంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. చప్పట్ల మధ్య మైకులో ప్రకటించిన నగదు బహుమతి కోసం తిరిగిన అనుభవం వాళ్ళలో ఒకరిద్దరికి ఉంది. ఎవరు ప్రకటించారన్నది ఇక్కడ అక్కర్లేదు.

అతను పోయిన రెండేళ్ళకే, 1951లో, టామ్ లాంగ్‌బోట్ అవార్డు పుట్టింది. పెట్టింది ఎవరు? కెనడా ప్రభుత్వపు ఆదివాసీ వ్యవహారాల శాఖ, అక్కడి అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ కలిసి. లాంగ్‌బోట్ పారిపోయిన బడి లాంటి బడులను దేశమంతటా డబ్బిచ్చి నడిపించింది ఆ శాఖే. ఆలోచన మాత్రం శాఖలో వ్యాయామ విద్య చూసే జాన్ ఐజెన్‌హార్ట్ అనే డెన్మార్క్ మనిషిది. ఆటల ద్వారా ఈ పిల్లలకు మంచి జరగాలని నిజంగానే కోరుకున్నవాడంటారు. ఏటా ఒక్కో ప్రాంతం నుంచి ఒక మేటి ఆటగాణ్ణి ఎంచి పతకం ఇచ్చేవాళ్ళు. వాళ్ళలో నుంచి దేశం మొత్తానికి ఒకరిని ఎంచి ట్రోఫీ. ట్రోఫీ మీద గెలిచినవాళ్ళ పేరు చెక్కుతారు. మా షీల్డులో లేని వరుస అది.

పేర్లు పంపేది ఎవరన్నదే అసలు సంగతి. మొదట్లో ఆ శాఖ ఏజెంట్లు, బడుల పెద్దలు పంపేవాళ్ళు. చెప్పినట్టు విన్న పిల్లలు వాళ్ళ కళ్ళకు ముందు కనిపిస్తారు. క్రీ జాతికి చెందిన పండితురాలు జానిస్ ఫోర్సైత్ 2020లో ఈ బహుమతి మీద ఒక పుస్తకమే రాసింది. ఆదివాసీ పిల్లల్ని తమ అచ్చులోకి మార్చుకునే పనికి ప్రభుత్వం ఈ అవార్డును కూడా వాడుకుందని ఆమె వాదన. గెలిచినవాళ్ళు మాత్రం దానికి తమ సొంత అర్థం ఇచ్చుకున్నారని కూడా చూపించింది. అదే 1951లో అక్కడి ఆదివాసుల వేడుకల మీద, సంప్రదాయ నృత్యాల మీద ఏళ్ళుగా ఉన్న నిషేధం చట్టంలోంచి పోయింది. ఆట ఆడితే పతకం, దేవుడి ముందు ఆడితే నేరం అన్న కాలం అప్పుడే ముగుస్తున్నదన్న మాట. మా దగ్గర గోండులు దీపావళికి దండారి అనే నృత్య వేడుక కట్టి, నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు ఊరూరా ఆడుకుంటూ పోతారు. దాన్ని ఒక సర్కారు నేరమన్నదని ఊహించుకోండి.

1973 నుంచి అవార్డు నిర్వహణలోకి ఆదివాసుల సొంత జాతీయ సంఘం వచ్చింది. 1999 నుంచి పూర్తిగా అబోరిజినల్ స్పోర్ట్ సర్కిల్ అనే వాళ్ళ క్రీడా సంస్థ చేతికి పోయింది. అదే ఏర్పాటు నేటికీ నడుస్తున్నది, మగవాళ్ళలో ఒకరికి, ఆడవాళ్ళలో ఒకరికి. మొదట్లో అలా లేదు. దేశస్థాయి ట్రోఫీ ఒక మహిళకు దక్కడానికి 1960ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె ఫిలిస్ బాంబెరీ, సాఫ్ట్‌బాల్ క్యాచర్, లాంగ్‌బోట్ పుట్టిన సిక్స్ నేషన్స్ అమ్మాయే.

లూ మార్ష్ సంగతి కూడా తేల్చేద్దాం. ఆయన 1936లో పోయాక కెనడాలో ఆ ఏటి మేటి క్రీడాకారుడికిచ్చే ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు. లాంగ్‌బోట్‌ను తిట్టిపోసిన రాతగాడి పేరు మీద దేశానికంతటికీ పెద్ద బహుమతి, లాంగ్‌బోట్ పేరు మీద ఆదివాసులకు మాత్రమే ఒకటి. ఎనభై ఏళ్ళు దాటాక, 2022లో మార్ష్ పేరు తీసేసి నార్తర్న్ స్టార్ అవార్డు అన్నారు. పేరు పెట్టడం ఒక్క మీటింగులో అయిపోతుంది, తీయడానికి తరాలు పడుతుంది. అందుకే మా వాళ్ళతో అన్నాను, తొందరపడకండి అని.

ఇప్పుడు మా గడ్డ మీదికి వద్దాం. మా ఆశ్రమ పాఠశాలలను ఆ మోహాక్ బడితో సమానం చేస్తే అన్యాయమవుతుంది. మా దగ్గర కథ వేరే దారిలో మొదలైంది. భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతుళ్ళుగా శిక్షణ మొదలైంది. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో తయారుచేశారు. సర్కారీ బడి పిల్లవాడి ఇంటి భాషతో మొదలైందంటే ఆ కాలానికి మామూలు విషయం కాదు. 1987లో బెట్టీ పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ గోండీ వాచకాలు కథగా మిగిలాయి, బడంతా తెలుగే. పొద్దున అసెంబ్లీలో ‘సావధాన్, విశ్రామ్’ అని నేను అరిస్తే ఒకటో తరగతి పిల్లలు పక్కవాణ్ణి చూసి కాళ్ళు కదిపేవాళ్ళు. నేనూ జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాణ్ణే, గోండీ రాదు. ఆటస్థలంలో ఆ ఇబ్బంది త్వరగానే తీరిపోయింది. విజిల్‌కు భాష లేదు.

మా పిల్లలూ పారిపోయేవాళ్ళు. దండారికి ఇంటికి పోయి పదిహేను రోజులైనా రానివాళ్ళు కొందరు. రాత్రి భోజనం తరువాత గోడ దూకి అడవి దారిన ఊరికి చేరేవాళ్ళు ఇంకొందరు. హాజరు పట్టీలో వాళ్ళ పేరెదురుగా ‘పారిపోయెను’ అని రాసేవాళ్ళం. అలా పోయిన పిల్లవాడి కోసం వార్డెన్‌తో కలిసి ఊరికి వెళ్తే, వాడు ఎంత దూరం ఎంతసేపట్లో వచ్చాడో తల్లిదండ్రులు మామూలుగా చెప్పేవాళ్ళు. వార్డెన్ కోపంతో వినేవాడు. నేను లోలోపల లెక్క కట్టుకునేవాణ్ణి. రాత్రి పూట, చెప్పుల్లేకుండా, వాగు దాటి ఇంత దూరం వచ్చిన పిల్లవాడిని జిల్లా మీట్‌లో 3000 మీటర్లకు దించకపోతే నేనెందుకు? దించాను కూడా. కొందరు గెలిచారు. గెలిచినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ తరువాత పారిపోవడం మానేశారు, ఇంకొందరు కప్పు తీసుకుని మరీ పోయారు.

ఒక ఆశ్రమ పాఠశాలలో ఒక పెద్దసారు అనేవాడు, ఈ పిల్లలకు ఓపిక తక్కువ, నిలకడ ఉండదు అని. ఆయనను ఒక పుష్యమాసం నాతో రమ్మన్నాను, రాలేదు. పుష్యంలో గోండుల్లో మెస్రం వంశస్థులు కేస్లాపూర్‌లోని నాగోబా దేవుడి కోసం గోదావరి జలం తేవడానికి జన్నారం దిక్కున ఉన్న హస్తినమడుగుకు నడిచి పోతారు. కాళ్ళకు చెప్పులుండవు. ముసలివాళ్ళు కూడా ఉంటారు. పల్లె పల్లెకు ఆగుతూ రోజుల తరబడి నడిచి, ఝరి అనే పాత్రలో నీళ్ళతో తిరిగొచ్చి, అమావాస్య రాత్రి పూజ చేస్తారు. అది పందెం కాదు. ముందు చేరినవాడికి ఏమీ రాదు, అసలు ఎవరూ ముందు చేరరు, అందరూ కలిసే నడుస్తారు. ఓపిక లేదన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు అర్థం కాదు. పాఠం చెప్పేవాడికి పిల్లవాడు బెంచీ మీద కూర్చున్న ఓపికే కనిపిస్తుంది కాబోలు.

పేరు కోసం వెతుకుతున్నప్పుడు బయటి పేర్లు కూడా వచ్చాయి. ఒకమ్మాయి కవితా రావుత్ పేరు చెప్పింది. నాసిక్ జిల్లాలో సావర్‌పాడా అనే ఆదివాసీ పల్లె ఆమెది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల కాంస్యం. ‘సావర్‌పాడా ఎక్స్‌ప్రెస్’ అని పత్రికలు పేరు పెట్టడంతో మ్యాపులో లేని పల్లె దేశానికంతటికీ తెలిసింది. మనిషి పేరు మీద ఊరు బతకడం నాకు బాగా నచ్చింది. ఇంకొకడు మన తెలంగాణ పిల్ల ఉండగా నాసిక్ దాకా ఎందుకని దీప్తి జీవంజి పేరెత్తాడు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. అమ్మానాన్నలు కూలి చేసి పెంచారు. నేర్చుకోవడంలో ఉన్న ఇబ్బందిని పట్టుకుని ఊళ్ళోవాళ్ళు చిన్నప్పుడు ఏవేవో అన్నారు. ఆమె ఉరుకు చూసి పట్టుకుంది ఆ ఊరి బడి పీఈటీ. ఆ వాక్యం చదివినప్పుడు నాకు లోపల ఏమైందో మా వృత్తివాళ్ళకే తెలుస్తుంది. తరువాత ద్రోణాచార్య అందుకున్న నాగపురి రమేశ్ చేతిలో పడింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82, కాంస్యం. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల జాగా, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఆ తరువాతి జనవరిలో ఆమెకు అర్జున.

“బతికున్నోళ్ళ పేరు మీద కప్పు పెడ్తరా సార్?” అని ఒకడి సందేహం. మా దగ్గర షీల్డు పై వరుసలోకి ఎక్కాలంటే ముందు చనిపోవాలి, అదొక అలిఖిత నియమం. ఇరవై రెండేళ్ళ పిల్లకు అప్పుడే జ్ఞాపకార్థం ఏంటని నేనూ అన్నాను. పైగా ఆమె ఊరివాళ్ళకు ఆ హక్కు ముందుంది, మనకెందుకు?

చర్చ చివరకు పేరు మీంచి కప్పు ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీదికి మళ్ళింది. లాంగ్‌బోట్ కథ విన్నాక వాళ్ళు పట్టుకున్నది దీన్నే. ఐటీడీఏ ద్వారా పెడితే గ్రౌండు దొరుకుతుంది, అంబులెన్సు వస్తుంది, పిల్లలకు సెలవు దొరుకుతుంది. రాయ్ సెంటర్, అంటే గోండు పెద్దల పంచాయతీ ద్వారా పెడితే, దాని పెద్దలైన సార్‌మేడీలు మాట ఇచ్చారంటే ఊళ్ళన్నీ కదులుతాయి, ఎవరిని ఎంచారని ఎవరూ గొణగరు. నా మొగ్గు రాయ్ సెంటర్ వైపే. సర్కారు సాయం తీసుకోండి గానీ, ఎవరి పేరు చెక్కాలో మాత్రం సర్కారును అడగకండి అన్నాను. పెన్షన్ తీసుకునే మనిషి అనే మాటేనా సార్ ఇది అని ఒకడు ఎగతాళి చేశాడు.

కాగితం మీద కొన్ని సంగతులు రాసుకున్నారు. ఆడపిల్లలకు, మగపిల్లలకు మొదటి ఏడాది నుంచే విడివిడిగా కప్పులు, ఒకే ఎత్తువి. నగదు ఆ రోజే, మైకు దగ్గరే, చేతిలో. అడుగు వరుసలో దాత పేరు ఉండదు, ఆ జాగాలో గెలిచినవాళ్ళ పేరు వారం రోజుల్లో చెక్కించి ఇంటికి పంపాలి. చెక్కుడు ఖర్చు నాది. చేతిరాత బాగుంటుందని మళ్ళీ నాకే తగిలింది, కానీ ఈసారి నేనే అడిగి తీసుకున్నాను.

దూరం దగ్గర మాత్రం పెద్ద గొడవ. రోడ్డు మీద 5 కిలోమీటర్లు చాలని నేను. మా పీఈటీ పిల్లవాడేమో పందెం కెరమెరి ఘాట్ ఎక్కితేనే పందెమంటాడు, అది కూడా ఎండలో. లండన్‌లో లాంగ్‌బోట్‌కు ఏమైందో గంటసేపు చెప్పింది ఎందుకురా అంటే, “ఆయనకు ఘాట్ లేకుండె సార్, అందుకే పడ్డడు” అని జవాబు. వచ్చే ఆదివారం ఇద్దరం బండి మీద పోయి, ఘాట్ కింది నుంచి పైదాకా మీటరు చూసి రావాలి.